వెయ్యి హార్స్‌పవర్ ఇంజిన్: అసలు పనంతా బ్లాకు దగ్గరే

గల్ఫ్‌లో ఉన్న భాయో, మామూనో వాట్సాప్‌లో పంపే వీడియోల్లో ఈ దృశ్యం చాలా ఇళ్లలో చూసే ఉంటారు. ఇసుక కొండ కింద నిస్సాన్ పాట్రోల్ బండి ఒకటి నిలబడి గుర్రుమంటూ ఉంటుంది. లైటు పడగానే వెనకాల ఇసుక తెరలా లేస్తుంది. కొన్ని సెకన్లలో బండి కొండ అంచు దగ్గర కనిపిస్తుంది. (పాట్రోల్ అన్నది బండి పేరు. బంకులో పోయించే పెట్రోల్‌తో దానికున్న చుట్టరికం తాగడం వరకే.) అబుదాబిలో లీవా దగ్గరున్న తల్ మొరీబ్ ఇలాంటి పోటీలకు పేరుపడ్డ ఇసుక కొండ. ఎత్తు సుమారు 300 మీటర్లు, వాలు దాదాపు 50 డిగ్రీలు. మామూలు బండి మధ్యలోనే ఇసుకలో కూరుకుపోతుంది.

వీడియో చూసిన కుర్రాళ్లు ముందు అడిగేది టర్బో సైజు. షార్జా, దుబాయ్ వర్క్‌షాపుల్లో చెయ్యి తిరిగిన ఉస్తాద్ అడిగేది వేరు: "బ్లాకు ఎవరు చేశారు?" టర్బో డబ్బు పెడితే దొరుకుతుంది. బ్లాకు మాత్రం ఒక మనిషి చేతిలో, ఒక మిషన్ మీద, కొలత తర్వాత కొలతగా తయారు కావాల్సిందే.

ఈ పని గురించి తెలుసుకోవడం మన ఇళ్లకు ఊరికే కాలక్షేపం కాదు. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని కడప, గుంటూరు, హైదరాబాద్ దాకా లేత్ షాపుల్లో, బోరింగ్ షాపుల్లో తరాలుగా పనిచేస్తున్న ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల పిల్లల్లో కొందరు ఇదే హునర్ పట్టుకుని గల్ఫ్ విమానం ఎక్కుతున్నారు. ఇంకొందరు ఇక్కడే ఉండి, బైకుకు పెద్ద పిస్టన్ వేయిస్తామని ఇంట్లో డబ్బులడుగుతున్నారు. ఇద్దరికీ ఈ సంగతులు పనికొస్తాయి.

ముందు ఇంజిన్ సంగతి చూద్దాం. గల్ఫ్ దిబ్బల మీద ఎక్కువగా కనిపించే పాత పాట్రోల్ ఇంజిన్ పేరు టీబీ48. ఒకే వరసలో ఆరు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ లోపలి వ్యాసం, అంటే బోరు, 99.5 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 102 మి.మీ. మొత్తం 4,759 సీసీ. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు దీని శక్తి 250 నుంచి 280 హార్స్‌పవర్ మధ్యలో ఉంటుంది. టర్బో పెట్టి వెయ్యి దాటించిన టీబీ48లు అక్కడ వింతేమీ కాదు. బ్లాకు పోత ఇనుముతో చేసింది కాబట్టే అంత బరువు మోయగలుగుతోంది. అయితే దాన్ని ఉన్నదున్నట్టు పెట్టి వెయ్యి అడిగితే మాత్రం మోయదు.

ఎందుకు మోయదో ఒక చిన్న లెక్కలో తేలిపోతుంది. 99.5 మి.మీ. వ్యాసమున్న పిస్టన్ పైభాగం వైశాల్యం దాదాపు 78 చదరపు సెంటీమీటర్లు. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌లో మంట మండినప్పుడు ఒత్తిడి 70 బార్ దాకా వెళ్తుందనుకుంటే, ఆ పిస్టన్ మీద పడే బరువు అయిదున్నర టన్నులు. గట్టిగా టర్బో గాలి నింపి ఆ ఒత్తిడిని 150 బార్‌కు తెస్తే దాదాపు 12 టన్నులు. లోడు లారీ ఒకటి ఆ పిడికెడు పిస్టన్ మీద నిలబడినట్టు. అదీ ఒకసారి కాదు. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ సెకనుకు 50 సార్లు మండుతుంది. ఆ దెబ్బ కింద క్రాంక్‌ను పట్టుకున్న మెయిన్ క్యాపుల మీద పడుతుంది, పైన హెడ్‌ను పట్టుకున్న బోల్టుల మీద పడుతుంది, పక్కన సిలిండర్ గోడ మీద పడుతుంది. ఈ మూడింటినీ కలిపి పట్టుకునేది బ్లాకే.

ముందు చెకింగ్, ఆ తర్వాతే కటింగ్

బ్లాకు షాపుకు రాగానే మిషన్ ఎక్కించే ఉస్తాద్‌ను నమ్మకూడదు. ముందు దాన్ని పూర్తిగా విప్పాలి. ఆయిల్ దారుల చివర్లలో కొట్టిన చిన్న ప్లగ్గులు కూడా ఊడదీయాలి, ఎందుకంటే ఏళ్లనాటి మడ్డి దాక్కునేది వాటి వెనకే. తర్వాత వేడి కెమికల్ తొట్టిలో కడగాలి. బ్లాకు శుభ్రంగా ఉంటేనే పగులు కంటికి దొరుకుతుంది.

పోత ఇనుములో పగుళ్లు వెతకడానికి మ్యాగ్నాఫ్లక్స్ అనే పద్ధతి ఉంది. ఇనుమును అయస్కాంతంగా మార్చి మీద సన్నటి ఇనుప పొడి చల్లితే, పగులున్న చోట పొడి గీతలా పేరుకుంటుంది. మెయిన్ బేరింగులు కూర్చునే అడ్డగోడలు, హెడ్ బోల్టు రంధ్రాల చుట్టుపక్కల ఎక్కువ జాగ్రత్తగా చూస్తారు. నీరు తిరిగే లోపలి గదులకు లీకు ఉందో లేదో గాలి ఒత్తిడితో పరీక్షిస్తారు.

తర్వాతి పరీక్షను మన దగ్గర చాలా షాపులు చెయ్యవు. అదే సిలిండర్ గోడ మందం కొలవడం. గర్భిణులకు తీసే స్కానింగ్‌లో వాడే అల్ట్రాసౌండ్ లాంటి తరంగాలనే గోడలోకి పంపి, అవి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి మందం తెలుసుకుంటారు. బ్లాకు పోత పోసేటప్పుడు నీటి గదుల కోసం ఇసుక అచ్చులు పెడతారు. కరిగిన ఇనుము పోస్తున్నప్పుడు ఆ అచ్చు కాస్త పక్కకు జరిగినా, సిలిండర్ గోడ ఒకవైపు మందంగా, మరోవైపు పలచగా వస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. 280 హార్స్‌పవర్‌కు ఆ తేడా లెక్కలోకి రాదు, కంపెనీ బండి లక్షల కిలోమీటర్లు హాయిగా తిరుగుతుంది. వెయ్యికి వచ్చేసరికి ఆ పలచటి చోటే ఉబ్బుతుంది, చివరికి అక్కడే చీలుతుంది. పిస్టన్ గట్టిగా ఒరుసుకునే వైపు గోడ మందంగా ఉన్న బ్లాకు దొరికితే అదృష్టమే. లేకపోతే ఇంకో బ్లాకు వెతుక్కోవడం చవక.

పాత బ్లాకు కదా, కొత్తదే మేలు కదా అని అడగొచ్చు. ఎప్పుడూ అలా కాదు. వేలసార్లు వేడెక్కి చల్లారిన ఇనుములో పోత నాటి లోపలి బిగువులు సడలిపోయి ఉంటాయి. ఇక ఎటూ వంకర పోదు. 1983లో నెల్సన్ పికే ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయినప్పుడు అతని బ్రాభమ్ కారులో ఉన్నది బీఎండబ్ల్యూ 1.5 లీటర్ టర్బో ఇంజిన్. ఆ ఇంజిన్‌కు ఆధారం రోడ్డు కార్లలో వాడిన ఎం10 ఇనుప బ్లాకే. బాగా తిరిగిన పాత బ్లాకులనే ఏరి తెచ్చేవారని ఆ ఇంజిన్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొదటి కోత క్రాంక్ దగ్గర

మన బోరింగ్ షాపుల్లో పని అనగానే సిలిండర్ బోరుతో మొదలుపెడతారు. రోజువారీ రిపేరుకు అది సరిపోతుంది. పెద్ద శక్తి ఇంజిన్‌కు మొదలుపెట్టాల్సింది కింద, క్రాంక్ పడుకునే మెయిన్ బేరింగుల వరస దగ్గర. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ముందు ఒక తాడు లాగి మిగతా గోడలన్నీ ఆ తాడును బట్టి కొలుస్తాడు కదా. ఇంజిన్‌లో ఆ తాడు క్రాంక్ నడిమి గీత. పైముఖం దానికి సమాంతరంగా ఉండాలి, సిలిండర్లు దానికి సరిగ్గా నిట్టనిలువుగా ఉండాలి. గీతే తప్పితే ఆ మీద ఎంత నాజూకుగా చేసినా తప్పు మీద తప్పే.

కంపెనీ ఇచ్చిన మెయిన్ క్యాప్ బోల్టుల బదులు గట్టి స్టడ్లు వేస్తారు. స్టడ్ మార్చగానే క్యాప్ మీద పడే బిగింపు మారుతుంది, బిగింపు మారితే గుండ్రటి రంధ్రం కొంచెం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. అందుకే స్టడ్లు మార్చి, టార్క్ రెంచ్‌తో చెప్పిన బిగింపు ఇచ్చాక మళ్లీ కొలవాలి. తేడా ఉంటే క్యాపుల అడుగు ముఖం నుంచి చాలా కొద్దిగా లోహం తీసి, తిరిగి బిగించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్ని మెయిన్లనూ ఒకే పొడవాటి హోన్‌తో సమం చేస్తారు. దీన్నే లైన్ హోనింగ్ అంటారు. బేరింగుకూ క్రాంక్‌కూ మధ్య ఆయిల్ పొర కోసం వదిలే ఖాళీ వెంట్రుక మందంలో ఉంటుంది. క్రాంక్ జర్నల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు అన్నది పాత ఉస్తాద్‌ల సూత్రం. ఇప్పటికీ లెక్క దాని దగ్గరే మొదలవుతుంది.

ఆ గీత ఆధారంగా పైముఖాన్ని చదును చేస్తారు. హెడ్ గ్యాస్కెట్ ఎగిరిపోయిన బండి తెలియని మెకానిక్ ఉండడు. వెయ్యి హార్స్‌పవర్‌లో గ్యాస్కెట్‌ను కాపాడేది గ్యాస్కెట్ ధర కాదు, కింది ముఖం నునుపు, హెడ్ స్టడ్ల బిగింపు. పొరలు పొరలుగా స్టీలు రేకులతో చేసిన గ్యాస్కెట్ వేస్తే పైముఖం గరుకుతనం ఒక మైక్రాన్ చుట్టుపక్కలే ఉండాలి. ఈ చివర నుంచి ఆ చివరకు ఎత్తుపల్లం 0.05 మి.మీ. దాటకూడదు. చేత్తో ఎమెరీ రాయి రుద్ది చదును చేశామనే మాట ఇక్కడ చెల్లదు. ఇంకా ఎక్కువ ఒత్తిడి కావాలనుకునే వాళ్లు ప్రతి సిలిండర్ చుట్టూ సన్నటి గాడి తీసి స్టీలు తీగ రింగు కూర్చోబెడతారు. అది గ్యాస్కెట్‌ను కరిచి పట్టుకుంటుంది.

బోరు పెంచితే బలం పెరుగుతుందా?

కుర్రాళ్లలో పాతుకుపోయిన నమ్మకం ఇది. బోరు పెంచితే సీసీ పెరుగుతుంది, నిజమే. అయితే బోరు పెంచడమంటే గోడ పలచన చేయడమే కదా. టర్బో ఇంజిన్‌లో శక్తి వచ్చేది ముఖ్యంగా నింపిన గాలి వల్ల. ఒకటి రెండు శాతం పెరిగే సీసీ కోసం గోడ మందాన్ని వదులుకోవడం తెలివితక్కువ బేరం. అనుభవమున్న షాపు సిలిండర్‌ను గుండ్రంగా, నిటారుగా తేవడానికి ఎంత తక్కువ కోస్తే సరిపోతుందో అంతే కోసి ఆపుతుంది. మళ్లీ ఏ రోజైనా రిపేరు వస్తే కోయడానికి లోహం మిగలాలి మరి.

గుండ్రటి సిలిండర్ కోసం మనిషి పడ్డ తంటా ఇవాళ్టిది కాదు. దియార్‌బక్ర్‌లో అర్తుఖీ సుల్తానుల కొలువులో ఉన్న ఇంజనీర్ అల్ జజరీ 1206లో పూర్తి చేసిన తన గ్రంథంలో రెండు సిలిండర్ల నీటి పంపును వర్ణించారు. పిస్టన్‌కు రెండు రాగి బిళ్లలు, వాటి మధ్య జనపనార తాడు చుట్టి లీకు ఆపారు. సిలిండర్ పూర్తి గుండ్రంగా రాకపోయినా నార సర్దుకునేది. అయిదున్నర శతాబ్దాల తర్వాత ఆవిరి ఇంజిన్ తయారు చేస్తున్న జేమ్స్ వాట్‌కు కూడా ఇదే తలనొప్పి. 1774లో జాన్ విల్కిన్సన్ అనే ఇనుము వ్యాపారి ఫిరంగి గొట్టాలు తొలిచే మంచి యంత్రం తెచ్చాడు. అలా తొలిచిన సిలిండర్ దొరికాకే వాట్ ఇంజిన్ సరిగ్గా నడిచింది.

ఇవాళ్టి బోరింగ్ మిషన్ కూడా చివరి కొలత దాకా కోయదు. 0.05 నుంచి 0.1 మి.మీ. దాకా మిగిల్చి ఆపుతుంది. ఆ మిగిలింది హోనింగ్‌లో, అంటే రాతి ముక్కలతో రుద్ది తీస్తారు. ఈ దశలోనే మామూలు షాపుకూ రేసింగ్ షాపుకూ మధ్య ఉన్న అసలు తేడా బయటపడుతుంది. హెడ్ బిగించినప్పుడు స్టడ్లు బ్లాకును పైకి లాగుతాయి, దాంతో సిలిండర్ పైభాగం 0.02, 0.03 మి.మీ. వంకర పోతుంది. హెడ్ లేకుండా గుండ్రంగా హోన్ చేసిన సిలిండర్ హెడ్ బిగించగానే గుండ్రంగా ఉండదన్నమాట. అందుకే టార్క్ ప్లేట్ అనే మందపాటి ఇనుప పలకను హెడ్‌కు బదులుగా, అదే గ్యాస్కెట్, అవే స్టడ్లు, అదే బిగింపుతో బిగించి, దాని రంధ్రాల్లోంచి హోన్ చేస్తారు. కింద మెయిన్ క్యాపులు కూడా బిగించే ఉంచుతారు. పలక తీసేస్తే సిలిండర్ వంకరగా కనిపిస్తుంది, హెడ్ బిగిస్తే సరిగ్గా గుండ్రంగా వస్తుంది.

హోనింగ్ గీతలు ఒకదానికొకటి అడ్డంగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో ఉండాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. కోణం మరీ తక్కువైతే ఆయిల్ ఎక్కువగా మండుతుంది, మరీ నిటారుగా ఉంటే ఆయిల్ జారిపోయి రింగులు ఎండిపోతాయి. ముందు గరుకు రాయి, తర్వాత సన్న రాయి, చివర్లో గీతల కొసలను మాత్రమే నున్నగా చేసే బ్రష్. పాత పద్ధతిలో కొత్త రింగులు ఆ కొసలను తామే అరగదీసి సర్దుకునేవి. ఇప్పుడు ఆ పని మిషన్ మీదే అయిపోతోంది.

పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ ఎంత ఉండాలన్నది ఇంకో చోట తెలుస్తుంది. కంపెనీ పిస్టన్‌కు వదిలేది చాలా తక్కువ, 0.03 నుంచి 0.05 మి.మీ. దాకా. పెద్ద శక్తికి వాడే ఫోర్జ్‌డ్ అల్యూమినియం పిస్టన్ వేడికి ఎక్కువగా పెరుగుతుంది. అందుకని 0.10 లేదా అంతకన్నా కాస్త ఎక్కువ వదులుతారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ పిస్టన్లు టకటకమని చప్పుడు చేస్తాయి. ఓనరు కంగారుపడతాడు, ఉస్తాద్ నవ్వుకుంటాడు. పిస్టన్ తయారు చేసిన కంపెనీ ఎంత చెబితే అంతే వదలాలి. ఇందులో సొంత తెలివి పనికిరాదు.

గల్ఫ్ ఎండకు ఇక్కడ ఒక సొంత సమస్య ఉంది. ప్రపంచమంతా కొలతలకు ప్రామాణికంగా తీసుకునే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. షార్జాలో జూలై నెలలో షెడ్డు కింద 45 ఉంటుంది. ఆ 25 డిగ్రీల తేడాకే 99.5 మి.మీ. ఇనుప బోరు దాదాపు 0.027 మి.మీ. పెరుగుతుంది. అదే సైజు అల్యూమినియం పిస్టన్ దానికి రెట్టింపు పెరుగుతుంది. పిస్టన్‌ను ఏసీ గదిలో కొలిచి, బ్లాకును బయట షెడ్డులో కొలిచి రెండూ కలిపి లెక్క వేస్తే, వదలాల్సిన ఖాళీలో పావు వంతు అక్కడే తప్పిపోయింది. అందుకే బాగా నడిచే షాపులు బ్లాకునూ పిస్టన్లనూ మైక్రోమీటర్‌నూ రాత్రంతా ఒకే చల్లటి గదిలో ఉంచి, పొద్దున్నే కొలుస్తాయి. హైదరాబాద్, విజయవాడ మే నెలకూ ఈ లెక్క వర్తిస్తుంది. ఇక్కడ ఈ పద్ధతి పాటించే షాపులు మాత్రం తక్కువే.

సిమెంటు పోసిన బ్లాకు

వినగానే చాలామందికి నమ్మకం కలగని పని ఇది. సిలిండర్లు వంగకుండా చుట్టూ ఉన్న నీటి గదుల్లో అడుగు నుంచి సగం దాకా ఇనుప రజను కలిసిన సిమెంటు లాంటి పదార్థం పోసి గట్టిపడనిస్తారు. సిలిండర్ గోడకు కింద నుంచి ఆసరా దొరుకుతుంది. పై సగంలో నీరు మామూలుగానే తిరుగుతుంది, ఎందుకంటే వేడి ఎక్కువగా పుట్టేది పైనే. కొన్ని సెకన్లలో ముగిసే పోటీకి మాత్రమే వాడే బండిలో కొందరు నిండా పోసేస్తారు, బ్లాకులో నీరే ఉండదు. అమెరికాలో టాప్ ఫ్యూయల్ రేసు ఇంజిన్లు ఇంకో అడుగు ముందున్నాయి. వాటి బ్లాకును గట్టి అల్యూమినియం దిమ్మె నుంచి చెక్కుతారు, నీటి గదులే పెట్టరు.

సిమెంటు పోయడం కోతలన్నిటికీ ముందే జరగాలి. గట్టిపడేటప్పుడు అది సిలిండర్లను కొద్దిగా నెడుతుంది. టార్క్ ప్లేటు, మెయిన్ క్యాపులు బిగించి ఉంచి, పూర్తిగా ఆరాకే బోరింగ్‌కు తీసుకెళ్లాలి. ఒకటి గుర్తుంచుకోవాలి: ఇది వెనక్కి తీసుకోలేని పని. రోజూ పిల్లల్ని బడికి దింపే బండికి, ట్రాఫిక్‌లో గంటలు నిలబడే బండికి ఇది చేయించకూడదు. కింది సగంలో నీటి చల్లదనం పోతే ఆ వేడి ఆయిల్ మీద పడుతుంది, ఆయిల్ కూలర్ పెద్దది పెట్టక తప్పదు.

గోడ మరీ పలచబడితే, లేదా చీలితే, స్లీవ్ వేస్తారు. లారీ ఇంజిన్లలో లైనర్లు మార్చీ మార్చీ అలవాటైన మన కారీగర్లకు ఈ పని కొత్తగా అనిపించదు. కొలత మాత్రం కొత్త. బిగువు తక్కువైతే స్లీవ్ కిందికి జారుతుంది, ఎక్కువైతే పక్క సిలిండర్‌ను వంకర చేస్తుంది.

కోతలన్నీ అయ్యాక మిగిలేది ఎవరికీ ఇష్టం లేని పని. పోతలో మిగిలిన పదును అంచులు, కొసలు చిన్న గ్రైండర్‌తో గుండ్రంగా చేయాలి, పగులు మొదలయ్యేది అలాంటి కొస దగ్గరే. ప్రతి మర రంధ్రంలో ట్యాప్ తిప్పి శుభ్రం చేయాలి, లేకపోతే టార్క్ రెంచ్ అబద్ధం చెబుతుంది. ఆ తర్వాత కడగడం. కిరోసిన్‌తోనో పెట్రోల్‌తోనో తుడిచి సరిపెట్టే అలవాటు మన షాపుల్లో ఉంది. కిరోసిన్ జిడ్డును తీస్తుంది తప్ప హోనింగ్ రాతి రజనును గీతల్లోంచి లేపలేదు. దానికి వేడి నీళ్లు, సబ్బు, గట్టి బ్రష్ కావాలి. ఆయిల్ దారులన్నిటిలో పొడవాటి బ్రష్ దూర్చాలి. కడిగాక తెల్ల గుడ్డతో సిలిండర్ తుడిస్తే గుడ్డ మీద బూడిద రంగు కనిపించకూడదు. కనిపిస్తే మళ్లీ కడగాలి. మూడుసార్లు అని లెక్క లేదు, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. వెంటనే ఆయిల్ పూయకపోతే నిమిషాల్లో తుప్పు మొదలవుతుంది.

వర్క్‌షాపుల్లో "మంచి పార్టులే వేశాం, అయినా బేరింగులు పోయాయి" అనే కథలకు కారణం వెతికితే చాలాసార్లు ఈ కడగడం దగ్గరే తేలుతుంది. ఈ పని చోటూకు అప్పజెప్పి ఉస్తాద్ చాయ్‌కు వెళ్లే షాపులో లక్షల రూపాయల ఇంజిన్ పెట్టకూడదు.

బిగించేటప్పుడు రింగుల కొసల మధ్య ఖాళీ కూడా పెంచాలి. టర్బో ఇంజిన్‌కు బోరు అంగుళాల్లో ఎంత ఉంటే దానికి 0.006 రెట్లు అన్నది చాలామంది పాటించే లెక్క. టీబీ48కు అది దాదాపు 0.6 మి.మీ. తక్కువ వదిలితే వేడికి రింగు కొసలు ఒకదాన్నొకటి ఢీకొని పిస్టన్ అంచునే విరగ్గొడతాయి. ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసి కాసేపు తిరిగాక ఆయిల్ ఫిల్టర్ విప్పి, కోసి, కాగితం విప్పదీసి చూస్తారు. మెరిసే రేకులు కనిపిస్తే అక్కడే ఆపేయాలి.

కాగితం మీద కొలతలు

పెద్ద షాపుల్లో ప్రతి బ్లాకుకూ ఒక కొలతల కాగితం ఉంటుంది. ఏ సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద ఎంత వచ్చింది, ఏ మెయిన్‌లో ఎంత ఖాళీ, ఏ స్టడ్‌కు ఎంత బిగింపు, ఏ తేదీ, ఎవరు కొలిచారు. అప్పు లావాదేవీని రాసి పెట్టుకోమని ఖుర్ఆన్ చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే. బ్లాకు పని కూడా ఒక అమానత్ లాంటిదే. ఇంజిన్ పేలినప్పుడు తప్పు ట్యూనింగ్ చేసిన వాడిదా, బోరింగ్ చేసిన వాడిదా, డ్రైవర్‌దా అనే గొడవ తప్పకుండా వస్తుంది. పరాయి దేశంలో, భాష సరిగా రాని కుర్రాడి మీద నింద వేయడం చాలా తేలిక. అతని చేతిరాతతో కొలతలున్న కాగితం ఒక్కటే అతన్ని కాపాడుతుంది. మన ఊళ్లో రీబోర్ చేయించేవాళ్లు కూడా ఈ కాగితం అడిగి తీసుకోవాలి. ఇవ్వమనే షాపు కొలవకుండానే చేసి ఉండొచ్చు.

ఇక ఇక్కడి బైకుల సంగతి. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. సీసీ ఆ వివరాల్లో ఒకటి. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇదే చిక్కు అవుతుంది. అంతకన్నా పెద్ద మాట: బ్రేకులు, టైర్లు, ఫ్రేము పాత శక్తికే చేసినవి. సరదా ఉన్న కుర్రాళ్లకు కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వే, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉన్నాయి. శంషాబాద్ రోడ్డు ట్రాక్ కాదు.

పని నేర్చుకోవాలనుకునే పిల్లలకు దారి లేకపోలేదు. ఐటీఐలో మెషినిస్ట్, టర్నర్ కోర్సులు రెండేళ్లవి. చాలామంది డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాదిలో అయిపోతుందని అటు వెళ్తారు. కానీ బ్లాకు పనికి దగ్గరగా ఉన్నవి మొదటి రెండే. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ సీఎన్‌సీ మిషన్ల మీద తక్కువ కాలం కోర్సులూ ఉంటాయి. రీబోర్ పని తగ్గిపోయిందని మన ఆటోనగర్‌లలో అందరూ అంటున్నారు. కంపెనీ ఇంజిన్లు ఎక్కువ కాలం మన్నుతున్నాయి, పాడైతే సర్వీస్ సెంటర్లు పార్టే మార్చేస్తున్నాయి. మైక్రాన్ కొలవగల చేతికి మాత్రం గిరాకీ తగ్గలేదు.

గల్ఫ్ వెళ్లే ముందు ఒప్పంద పత్రంలో పని పేరు ఏమని రాశారో ఇంట్లో వాళ్లు చదివించుకోవాలి. హెల్పర్ అని రాసి ఉంటే, చేతిలో ఎంత హునర్ ఉన్నా జీతం హెల్పర్‌దే. ఏజెంటు ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. ఇక మంచి షాపు పెట్టే పరీక్షకు సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. డయల్ బోర్ గేజ్ చేతికిచ్చి ఒక సిలిండర్ చూపిస్తారు. పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలిచి ఆరు అంకెలు రాయమంటారు. కాసేపాగి మళ్లీ కొలవమంటారు. రెండుసార్లూ అవే ఆరు అంకెలు రావాలి.